నిదానము నేర్చిన మోటారు సైకిలు

పాఠశాలల వార్షికోత్సవములలో పరుగు పందెములు, గోనెసంచి పందెములు ముగిసిన పిదప నెమ్మది సైకిలు పందెము పెట్టుట మన తెలుగు జిల్లాలలో చిరపరిచితమైన వేడుక. అందరికంటె వెనుక గీత దాటినవాడే అందులో విజేత. కాలు నేల మోపినవాడు ఓడినట్లే. గాలివలె సైకిలు తొక్కే కుర్రవాడు పది గజములు పోకముందే ఒరిగిపోవుటయు, పాలక్యానులు కట్టుకొని ఇరుకు సందులలో తిరిగే కుర్రవాడు తొణకక బెణకక నిలుచుటయు చూచినవారు మన శ్రోతలలో ఎందరో ఉందురు. రెండు చక్రముల బండి వేగముగా పోవునప్పుడు నిలుచుట ఏల, మెల్లగా పోవునప్పుడు పడిపోవుట ఏల అను ప్రశ్న ఆ నవ్వుల నడుమ ఎవరికిని తట్టదు.

ఆ ప్రశ్న తట్టినవారు 1899లో ఇద్దరు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విద్యార్థి ఫ్రాన్సిస్ విప్పుల్ ఒకడు, ఫ్రాన్సులో కార్వల్లో మరియొకడు. ఒకరితో ఒకరికి నిమిత్తము లేకుండ సైకిలు నిలకడను గణిత సమీకరణములలో ఇమిడ్చినారు. తిరిగే చక్రము బొంగరమువలె బండిని నిలుపునని లోకులు నమ్ముచుండగా, 1970లో డేవిడ్ జోన్స్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ముందు చక్రము ప్రక్కన ఎదురు దిశగా తిరిగే వేరొక చక్రమును బిగించి, ఆ బొంగరపు బలము రద్దయినను సైకిలు తొక్కవచ్చునని చూపినాడు. 2007లో ప్రచురితమైన ఒక లెక్కలో ప్రమాణముగా తీసుకొన్న నమూనా సైకిలు, గంటకు సుమారు 15 మొదలు 22 కిలోమీటర్ల వేగముల నడుమ మాత్రమే మనిషి సాయము లేకుండ తనంత తాను నిలువగలదని తేలినది. అంతకు తగ్గినచో బండి అటునిటు ఊగి పడిపోవును. అనగా ఒక హద్దునకు దిగువన యంత్రము మనిషికి చేయు సాయమును మానుకొనును, నిలుపవలసినది మనిషియే.

సైకిలు విషయములో ఇది నవ్వులాట. పడినచో మోకాలు చెక్కుకొనును. ఏడెనిమిది వందల పౌనుల మోటారు సైకిలు విషయములో నవ్వులాట కాదు. ఆ బరువైన యంత్రమును మనిషి నడకతో సమానమైన వేగమున, కాలు నేల మోపకుండ, జనసమ్మర్దము నడుమ నడుపవలసిన అవసరము మొదట పోలీసులకు కలిగినది. ఈ ప్రసంగము ఆ అవసరమును గూర్చినది.

పోలీసులు మోటారు సైకిలును కొన్నది వేగము కొరకేయనుట మరువరాదు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ధనికుల మోటారు కార్లు వీథులలో దుమారము రేపుకొనుచు పోవుచుండగా, కాలినడకను, గుఱ్ఱముపైని, సైకిలుపైని తిరిగే కానిస్టేబులు వానిని పట్టుకొనలేకపోయినాడు. తాము పోలీసులకు అమ్మిన తొలి బండి 1908లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమునకు చేరినదని హార్లే డేవిడ్‌సన్ కంపెనీవారు చెప్పుకొందురు. 1918లో టోకియో పోలీసులు ఎఱ్ఱరంగు మోటారు సైకిళ్ళను వీథిలోనికి తెచ్చినారు. 1936లో ఆ రంగు తెలుపుగా మారినది. నాటినుండి జపానులో పోలీసు బండికి ‘తెల్ల బండి’ అనునదియే పేరు. డెట్రాయిట్‌లో గాని టోకియోలో గాని తరిమి పట్టుకొనుటయే నాటి రౌతునకు ఘనత.

కాని ఉద్యోగము క్రమముగా వేరొక రూపము దాల్చినది. తరిమే దినములు తక్కువ, ఊరేగింపుల దినములు ఎక్కువ. విదేశపు అతిథి వచ్చిన ముందు నడువవలెను. శవయాత్ర సాగిన ప్రక్కన నడువవలెను. పండుగనాడు జనమును సున్నితముగా ప్రక్కకు జరుపవలెను. కార్లు క్రిక్కిరిసిన వీథిలో సందు చేసికొని పోయి, గుద్దుకొన్న రెండు బండ్లను విడదీయవలెను. ఈ పనులు అన్నియు పూర్వము గుఱ్ఱపు రౌతు చేసినవి. గుఱ్ఱము పరుగెత్తును, నడచును, నిలుచును, నిలిచినపుడు పడదు. దాని స్థానమున వచ్చిన యంత్రమునకు పరుగు మాత్రమే పుట్టుకతో వచ్చినది. నడకను దానికి మనిషి నేర్పవలసి వచ్చినది.

మొదట కొందరు ఈ చిక్కును మూడవ చక్రముతో తప్పించుకొనజూచినారు. 1932లో హార్లేవారు ‘సర్వీ-కార్’ అను మూడు చక్రముల బండిని తెచ్చినారు. అది 1973 వరకు తయారైనది. అమెరికా పోలీసులు దానిపై కూర్చుండి, వీథి వెంబడి నిలిపిన కార్ల టైర్లకు పొడుగాటి కఱ్ఱతో సుద్దగీత గీయుచు సాగెడివారు. గంట తరువాత వచ్చి చూచినపుడు గీత అక్కడే యున్నచో జరిమానా. ఈ పనికి ఆ బండి అనువైనదే. కాని మూడు చక్రముల వెడల్పు ఇరుకైన సందున దూరదు; తరుముటకును పనికిరాదు.

రెండు చక్రములతోనే సరిపెట్టుకొన్నవారికి క్లచ్చి ఆధారమైనది. ఇంజను ఆగక తిరుగుచుండగా ఆ శక్తిని చక్రమునకు కలుపుటయు, విడదీయుటయు క్లచ్చి పని. నేడు మనము చూచే బండ్లకు క్లచ్చి ఎడమ చేతిలోను, గేరు ఎడమ కాలి క్రిందను ఉండును. పాత అమెరికా బండ్లలో ఇది తారుమారు. క్లచ్చి ఎడమ కాలి క్రింద, గేరు కఱ్ఱ పెట్రోలు ట్యాంకు ప్రక్కన. ఆ కాలి క్లచ్చికి ఒక విశేషము కలదు. చేతి క్లచ్చి వదలిన వెంటనే స్ప్రింగు బలమున వెనుకకు పోవును. కాలి క్లచ్చి మాత్రము ఊయల బల్లవలె పెట్టినచోటనే నిలుచును. ఊరేగింపు వెంట పోవు పోలీసు దానిని సగము కలిసి సగము విడిన స్థితిలో ఉంచి, ఎడమ చేతిని ఖాళీగా ఉంచుకొని జనమునకు సైగలు చేయగలిగెడివాడు. 1952లో హార్లేవారు పెద్ద బండ్లకు కాలి గేరును, చేతి క్లచ్చిని తెచ్చినప్పటికిని అమెరికాలో పలు పోలీసు శాఖలు 1970 దశకము వరకు పాత పద్ధతినే కోరి తెప్పించుకొన్నవి. దీనిని ఛాందసమని కొందరు నవ్వినారు. మాకు అది ఛాందసముగా తోచదు. వారి పని నెమ్మదిగా పోవుట. ఆ పనికి పాత పనిముట్టే మెరుగు.

ఇంగ్లండు దారి వేరు. అక్కడ పనిముట్టు కంటె పద్ధతికి ప్రాధాన్యము వచ్చినది. లండను పోలీసు కమిషనరుగా 1931 మొదలు 1935 వరకు ఉన్న ట్రెంచార్డ్ ప్రభువు హెండన్ అను చోట 1934లో పోలీసు కళాశాలను తెరచినాడు. ఆ హెండన్‌లోనే డ్రైవింగు పాఠశాలయు వెలసినది. పోలీసు బండ్లే ప్రమాదములకు గురియగుట నాడు తలవంపుగా ఉండెను. పూర్వము పందెపు కార్లు నడపిన కాటెన్‌హామ్ ప్రభువు 1937లో ఆ పాఠశాలకు వచ్చి, ప్రతి మలుపునకు ముందు చూపు, స్థానము, వేగము, గేరు ఒక నియతమైన వరుసలో చక్కబెట్టుకొనవలెనను క్రమమును నెలకొల్పినాడు. ఈ క్రమము 1955లో ‘రోడ్‌క్రాఫ్ట్’ అను పుస్తకముగా ప్రజలకు అందినది. మోటారు సైకిలు రౌతులకును తరువాత వేరు పుస్తకము వచ్చినది.

అదే దేశమున 1948లో వెలువడిన వెలొసెట్ ఎల్.ఇ. అను చిన్న బండిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. దానికి నీటితో చల్లబడే ఇంజను, గొలుసుకు బదులు కడ్డీ. చప్పుడు మిక్కిలి తక్కువ. గస్తీ తిరిగే కానిస్టేబుళ్ళకు పలు జిల్లాలలో దీనినే ఇచ్చినారు. నియమము ప్రకారము పై అధికారి ఎదురైనపుడు కానిస్టేబులు సలాము చేయవలెను. మెల్లగా పోవు బండిపైనుండి కుడిచేయి తీసినచో బండి ఒరుగును. అందుచే తల ఊపిన చాలునని అనుమతి నిచ్చినారట; తల ఊపుటను ఆంగ్లమున ‘నాడ్’ అందురు గావున ఆ బండికి ‘నాడీ బండి’ అను పేరు వచ్చినదని చెప్పుకొందురు. సలామునే సడలింపజేసినదన్న, నెమ్మదిగా పోవు రెండు చక్రముల బండి ఎంత మొండిదో ఊహించుకొనవచ్చును.

ఇక అమెరికాలోని పోలీసు రౌతుల పాఠశాలకు వత్తము. ఈ విద్య పరాకాష్ఠ నందుకొన్నది అక్కడనే. అనేక చోట్ల ఈ శిక్షణ రెండు వారములు, 80 గంటలు. స్థలము విశాలమైన తారు మైదానము. సామగ్రి అంతయు రోడ్డు మరమ్మతుల వద్ద మనము చూచే నారింజరంగు కోనులే. వానిని వరుసగను, ఎడాపెడగను, వలయములుగను, తాళపుచెవి రంధ్రపు ఆకారముగను పేర్చి, వాని నడుమ కాలు నేల మోపకుండ, కోనును తాకకుండ తిరిగి రావలెనందురు. బండి బరువు సుమారు 800 పౌనులు, అనగా 360 కిలోలకు పైబడి. 1955లో మద్రాసులో తయారీ ప్రారంభమై మన సైన్యము, పోలీసుల చేత బాగుగా వాడబడిన బుల్లెట్టునకు ఇది దాదాపు రెండింతలు. దానిని 24 అడుగుల వెడల్పు గల బాటలో ఒక్క చుట్టున వెనుకకు త్రిప్పవలెను. నేర్పు హెచ్చినకొలది ఆ వెడల్పును కుదించుకొని పోవుదురు.

చూచువారికి ఇది గారడీవలె ఉండును. నేర్పేవారు మాత్రము మూడు విషయములనే రాత్రింబవళ్ళు వల్లెవేయింతురు.

మొదటిది క్లచ్చి. దానిని పూర్తిగా వదలినపుడు బండి ముందుకు దుముకును. పూర్తిగా పట్టినపుడు శక్తి అందక సోలిపోవును. ఈ రెంటి నడుమ వ్రేలెడు దూరమున రాపిడి పట్టు ఒకటి కలదు. అక్కడ క్లచ్చి పలకలు ఒకదానిపై ఒకటి జారుచు కొంత శక్తిని మాత్రమే చక్రమునకు పంపును. శిక్షణార్థి గంటల కొలది ఆ వ్రేలెడు చోటనే బ్రతుకవలెను. నూనెలో మునిగి యుండే క్లచ్చి ఈ రాపిడిని ఓర్చుకొనును. గాలిలో తిరిగే పొడి క్లచ్చి వేడెక్కి మాడిపోవును. హార్లే పెద్ద బండ్లకు నూనె క్లచ్చి 1980 దశకములో వచ్చినది, జర్మనీవారి బి.ఎం.డబ్ల్యూ. జంట సిలిండర్ల బండ్లు 2013 ప్రాంతము వరకు పొడి క్లచ్చితోనే నడచినవి. అందుచే ఒక బండిపై నేర్చిన మెలకువను మరియొక దానిపై కన్నుమూసి వాడరాదు.

రెండవది వెనుక బ్రేకు. మెల్లగా పోవుటకు ఆక్సిలరేటరును తగ్గించవలెనని అందరును అనుకొందురు. తగ్గించినచో ఇంజను ఉక్కిరిబిక్కిరియై బండి కుదుపులు పడును. పోలీసు పద్ధతిలో ఇంజనును కొంచెము హెచ్చుగానే తిరుగనిచ్చి, క్లచ్చిని జారవిడిచి, వెనుక బ్రేకును పాదముతో లేతగా అదిమి పట్టుదురు. ముందుకు లాగే శక్తి, వెనుకకు పట్టే శక్తి ఒకదానితో నొకటి పెనగులాడుచుండగా వాని నడుమ బండి బిగువుగా, నిటారుగా నిలుచును. గాలిపటమును దారము వెనుకకు లాగుటచేతనే అది పైకి లేచుట మనకు తెలిసినదే. ముందు బ్రేకును మాత్రము ముట్టరాదు. హ్యాండిలు ఒక ప్రక్కకు తిరిగి యుండగా ముందు బ్రేకు పట్టినచో బండి బరువంతయు ఆ ప్రక్కకు కుప్పకూలును.

మూడవది చూపు. మాకు మిక్కిలి ఆశ్చర్యము గొలిపినది ఇదియే. కొత్తవాడు కోనును తాకుదునేమో అని కోనునే చూచును, తప్పక తాకును. పడుదునేమో అని నేలను చూచును, తప్పక పడును. తల త్రిప్పి, తాను చేరవలసిన చోటును, చుట్టు తిరుగునపుడైతే తన భుజము మీదుగా వెనుకను చూడవలెనని శిక్షకుడు గొంతు బొంగురుపోవునట్లు అరచును. తల తిరిగినపుడు భుజములు తిరుగును, భుజములతో చేతులు, చేతులతో హ్యాండిలు తిరుగును. ఇందులో మంత్రము ఏమియు లేదు. కాని మూడు నాలుగు దినముల వరకు శరీరము దీనిని నమ్మదు. పర్వతము వంటి బండి ఒక ప్రక్కకు ఒరుగుచుండగా కన్ను నేలకు పోకుండ పట్టుకొనుట ఎవరికైనను కష్టమే.

శిక్షణలో పడనివారు లేరు. బండికి ఇరుప్రక్కల ఇనుప కమ్ములు బిగించి యుండుటచే ఇంజనుకు దెబ్బ తగులదు; కాలు కొంతవరకు దక్కును. దక్కనిచో మనిషి నడక వేగమున జరిగిన పతనమైనను 360 కిలోల క్రింద చీలమండ విరుగును. పడిన బండిని లేపుటయు పాఠములో ఒకటి. బండికి వీపు ఆనించి, హ్యాండిలును, వెనుకనున్న కమ్మిని పట్టుకొని, నడుముతో గాక తొడల బలముతో వెనుకకు నడచుచు లేపుదురు. సన్నని మనుష్యులు కూడ ఒంటరిగా లేపుట కద్దు.

దీనిని కవాతులలో మనము చూచే విన్యాసములతో కలుపరాదు. 1927 నాటి బ్రిటిష్ సిగ్నల్సు దళపు ‘తెల్ల టోపీలు’ 2017లో ముగిసినవి. 1935లో జబల్పూరున ఏర్పడిన మన సిగ్నల్సు దళపు ‘డేర్ డెవిల్స్’ గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో నేటికిని కన్నుల పండువు చేయుచున్నారు. అది ప్రదర్శన. కోనుల మైదానములో చప్పట్లు కొట్టువారు లేరు.

ఊరేగింపు వేగమనగా ఎంత? 1963 నవంబరు 22న డల్లాస్ నగరములో అధ్యక్షుడు కెన్నెడీ కారు వెనుక భాగమునకు ఇరుప్రక్కల నలుగురు పోలీసు రౌతులు నడచుచుండిరి. నాటి ఘోరమునకును వారి నేర్పునకును సంబంధము లేదు. కాని పరిశోధన జరిపిన వారెన్ సంఘము ఒక చలనచిత్రపు ఫ్రేములను లెక్కించి, ఆ వీథిలో కారు సగటు వేగము గంటకు 11.2 మైళ్ళని తేల్చినది. అనగా 18 కిలోమీటర్లు. అంత కచ్చితముగా చరిత్రకెక్కిన ఊరేగింపు వేగము మరియొకటి మాకు కనబడలేదు.

జపానులో ఇట్టి వేగమును రెండు దినములు వరుసగా, లక్షలాది జనము ఎదుట చూడవచ్చును. ఏటేట జనవరి 2, 3 తేదీలలో టోకియో నుండి హాకొనె కొండలకు పోయి వచ్చే విశ్వవిద్యాలయముల రిలే పరుగు జరుగును. ఇది 1920లో మొదలైనది. పోకరాకలు కలిసి సుమారు 217 కిలోమీటర్లు. పరుగువీరునికి ముందు తెల్ల బండ్లు నడచును. బల్లపరుపు నేలపై అతడు గంటకు 20 కిలోమీటర్లకు అటునిటుగా పరుగెత్తును. కొండ ఎక్కునపుడు ఇంకను తగ్గును. అతనికి అడ్డు రాకుండ, అతనిని విడువకుండ, ఎక్కుడు దారిలో బండి తూలకుండ ముందు సాగుట ఎట్టి పనియో చూచినవారికి తెలియును. ఈ రౌతులు పాల్గొనే అఖిల జపాను పోటీ 1969లో ప్రారంభమైనది. అందులో కోనుల నడుమ నిలకడకు, ఎగుడుదిగుడు నేలపై నడకకు వేరు వేరు మార్కులు కలవు.

పోలీసుల సొత్తుగా ఉన్న ఈ విద్య సామాన్యులకు ఏల అవసరమైనదో తెలియవలెనన్న 1981 నాటి ఒక నివేదికను చూడవలెను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హారీ హర్ట్, ఆయన సహచరులు లాస్ ఏంజెలెస్ ప్రాంతమున జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదములను అక్కడికక్కడ పోయి పరిశీలించినారు. ప్రమాదమునకు గురియైన వారిలో నూటికి 92 మంది బండిని తమంత తాము గాని, బంధుమిత్రుల వద్ద గాని నేర్చినవారు. ప్రమాదమునకు ముందు వారి వేగము మహావేగము కాదు. సగము మందిది గంటకు 30 మైళ్ళకు లోపే. తప్పించుకొనుటకు రౌతునకు చిక్కిన వ్యవధి సాధారణముగా రెండు సెకండ్ల లోపు. రెండు సెకండ్లలో ఆలోచనకు చోటు లేదు. చేయి, కాలు తమంత తాము చేయవలెను.

ఈ అంకెలు వెలువడిన పిదప శిక్షణ ఆవశ్యకత పలువురికి తెలిసివచ్చినది. పదవీ విరమణ చేసిన పోలీసు రౌతులు కొందరు ఆదివారములందు ఖాళీగా ఉన్న కార్ల మైదానములలో కోనులు పేర్చి సామాన్యులకు పాఠములు చెప్పసాగినారు. వయసు మళ్ళిన పిదప పెద్ద బండి కొని, ఇంటి ముందర త్రిప్పుటకే జంకువారు వారి శిష్యులలో హెచ్చు. ఇది మెచ్చదగిన పరిణామమే. ఐనను ఒక చిక్కు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. నెమ్మదిగా పోవునప్పుడు వెనుక బ్రేకు మిత్రుడు, ముందు బ్రేకు శత్రువు. వేగమున ఇది తలక్రిందులగును, బండిని ఆపే బలములో అధిక భాగము ముందు చక్రముదే. నెమ్మదిలో హ్యాండిలును పోవలసిన దిక్కునకే త్రిప్పవలెను. వేగములో ఎడమకు ఒరుగవలెనన్న ఎడమ పిడిని ముందుకు నెట్టవలెను, అనగా చక్రము క్షణకాలము కుడికి తిరుగును. నెమ్మదిలో బండిని ఒరగనిచ్చి దేహమును నిటారుగా ఉంచుకొందురు. వేగములో బండితో పాటు దేహమును ఒరుగును.

హర్ట్ నివేదికలో కనబడిన లోపములును సరిగా ఇవియే. ఆపదలో రౌతులు వెనుక బ్రేకును చక్రము బిగిసిపోవునంత గట్టిగా తొక్కినారు, ముందు బ్రేకును చాలినంత పట్టలేదు. పిడిని నెట్టి ప్రక్కకు తప్పుకొనుట వారికి తెలియనే తెలియదు. కోనుల విద్యను మాత్రమే నేర్చి ఇంటికి పోవువానికి ఈ లోపము తీరకపోవుటయే కాదు, వెనుక బ్రేకు అలవాటు మరింత ముదురును. అందుచేతనే మంచి పోలీసు పాఠశాలలలో కోనుల పాఠముతో పాటు గంటకు 40 మైళ్ళ వేగమునుండి ముందు బ్రేకు ప్రధానముగా ఆగుటను, ఎదుట హఠాత్తుగా కనబడిన అడ్డును పిడి నెట్టి తప్పుకొనుటను వేరుగా నేర్పుదురు. ఉదయము ముట్టవద్దన్న బ్రేకునే సాయంకాలము గట్టిగా పట్టుమనుట విని కొత్తవారు తికమక పడుదురు. శిక్షకులు వారిని మరల మొదటి గీత వద్దకు పంపి, ఇంకొకసారి రమ్మందురు.